సిరక్యూస్ గోడలో ఎథీనా గుడి: సిసిలీపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో మధ్యధరా సముద్రంలో, ప్రాచీన గ్రీకులు వలస వచ్చి నగరాలు కట్టుకున్న ఇటలీ ద్వీపం సిసిలీ గురించి రాస్తూ, సిరక్యూస్ నగరంలోని ప్రధాన చర్చి ఒకప్పుడు గ్రీకు దేవత ఎథీనా ఆలయమనీ, మధ్యలో కొంతకాలం మసీదుగా కూడా ఉన్నదనీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాను. ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ వాక్యం గురించే వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఈ నెల జవాబిస్తున్నాను.

గుడిని చర్చిగా మార్చారంటే పాతదాన్ని పడగొట్టి ఆ రాళ్ళతో కొత్తది కట్టారా, లేక ఉన్న కట్టడాన్నే వాడుకున్నారా? ఆ మార్పు ఈనాటికీ కంటికి కనిపిస్తుందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

పడగొట్టలేదు. ఉన్న గుడినే, ఎక్కడి స్తంభాన్ని అక్కడే ఉంచి, చర్చిగా మలిచారు. అది ఎలా సాధ్యమైందో తెలియాలంటే గ్రీకు గుడి కట్టుబడి కొంత తెలియాలి. మన ఆలయాల్లో గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకు దారి ఉన్నట్టే, గ్రీకు ఆలయంలో నడుమ గోడలతో మూసిన పొడవాటి గది ఒకటి, దాని చుట్టూ నాలుగు వైపులా స్తంభాల వరుస ఉంటాయి. దేవతా విగ్రహం ఆ గదిలో ఉంటుంది, బలిపీఠం మాత్రం గుడి ముందు ఆరుబయట ఉంటుంది, జనం గుమిగూడేది కూడా అక్కడే. క్రైస్తవ ఆరాధన అలా కాదు. జనమంతా కప్పు కింద, లోపలే కూర్చోవాలి. అందుచేత 7వ శతాబ్దంలో బిషప్ జోసిమస్ కాలంలో ఈ గుడిని చర్చిగా మార్చినప్పుడు, వెలుపలి స్తంభాల మధ్య ఉన్న ఖాళీలను రాతితో పూడ్చి బయటి గోడగా చేశారు. లోపలి గది గోడలకు ఒక్కో వైపు ఎనిమిదేసి కమాను ద్వారాలు తొలిచారు. దాంతో నడుమ ఒక పెద్ద సాల, దానికి ఇరుపక్కలా రెండు సన్నని సాలలు ఏర్పడ్డాయి, చర్చికి కావలసిన రూపం వచ్చింది. దిక్కు కూడా తిరగబడింది. గ్రీకు గుడికి ముఖద్వారం తూర్పున ఉండేది. చర్చిలో తూర్పు వైపు పూజాపీఠం ఉండాలి కనుక ప్రవేశాన్ని పడమటికి మార్చారు. ఒకప్పుడు వెనుక భాగమైన చోటు నుంచే ఈనాడు మనం లోపలికి వెళతాం.

ఈ ఆలయాన్ని కట్టించినవాడు సిరక్యూస్ పాలకుడు గెలోన్. క్రీ.పూ. 480లో సిసిలీ ఉత్తర తీరాన హిమేరా దగ్గర, ఉత్తర ఆఫ్రికా నగరరాజ్యమైన కార్తేజ్ సేనలను ఓడించిన తరువాత దీన్ని మొదలుపెట్టాడు. పొడవు వైపు 14, వెడల్పు వైపు 6 స్తంభాలు, మూలవి రెండుసార్లు లెక్కపెట్టకుండా చూస్తే మొత్తం 36. దీని తలుపులకు బంగారం, దంతపు పని ఉండేదని, ఆ పనినంతా రోమన్ గవర్నరు వెర్రెస్ ఊడబెరుక్కుపోయాడని క్రీ.పూ. 70లో అతని మీద నడిచిన వ్యాజ్యంలో రోమన్ న్యాయవాది సిసిరో ఆరోపించాడు. క్రీ.శ. 878లో అరబ్బు సేనలు సుదీర్ఘమైన ముట్టడి తరువాత నగరాన్ని పట్టుకున్నాక ఇది మసీదైంది; 1085లో ఉత్తర ఫ్రాన్సు నుంచి వచ్చిన క్రైస్తవ యోధులు నార్మన్లు నగరాన్ని గెలుచుకున్నాక మళ్ళీ చర్చి అయింది. 1693 జనవరి 11న వచ్చిన భూకంపం తూర్పు సిసిలీ పట్టణాలను నేలమట్టం చేసినప్పుడు ఈ చర్చి ముఖభాగం కూలింది. ఇప్పుడు మనకు కనిపించే అలంకారభరితమైన బరోక్ ముఖభాగాన్ని ఆంద్రేయా పాల్మా నమూనా ప్రకారం 1725 నుంచి 1753 వరకు కట్టారు.

కంటికి కనిపిస్తుందా అని అడిగారు. ముందున్న చౌకులో నిలబడితే ఏమీ కనిపించదు. ఉత్తరం పక్కన మినర్వా వీధి అని ఒక సందు ఉంది, అందులోకి తిరగండి. గోడలోంచి ఒక దాని పక్కన ఒకటిగా డోరిక్ అనే సాదా గ్రీకు శైలి బరువైన స్తంభాలు సగం మేర ఉబ్బెత్తుగా బయటికి వచ్చి ఉంటాయి. వాటి తలల మీద వెడల్పాటి పీటల వంటి రాళ్ళు, ఆ పైన గుడి నాటి దూలపు రాళ్ళు, అన్నిటికీ పైన ఏ కోట గోడకో ఉండవలసిన పళ్ళవరుస లాంటి పిట్టగోడ కనిపిస్తాయి. ఆ స్తంభాల్లో కొన్ని నిట్టనిలువుగా లేవు. భూకంపాల తాకిడికి తమ చోటు నుంచి కాస్త జరిగి ఉన్నాయి. స్తంభపు గాడిలో చెయ్యి పెట్టి అలాగే పక్కకు జరిపితే, వేళ్ళకు ముందు గ్రీకు శిల్పి ఉలి నునుపు, ఆ వెంటనే పూడ్చిన గోడ గరుకు తగులుతాయి. ఆ రెండింటి మధ్య వెయ్యేళ్ళకు పైగా కాలం ఉంది. నేను చూసిన కట్టడాల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది ఆ సందే.

లోపల జ్ఞానస్నానపు తొట్టిని కూడా చూడకుండా రాకండి. తొట్టి గ్రీకుల కాలపు పాలరాతి పాత్ర, దాని మీద గ్రీకు అక్షరాలు ఉన్నాయి. దాన్ని మోస్తున్న ఏడు చిన్న కంచు సింహాలు 13వ శతాబ్దానివి.

అగ్రిజెంటోలో ఒక గుడి చెక్కుచెదరకుండా నిలిచి, దాని దగ్గర్లోనే ఉన్న పెద్ద గుడి రాళ్ళ కుప్పగా మిగలడానికి కారణం భూకంపమేనా?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కరీంనగర్

భూకంపం ఒక కారణం మాత్రమే. అగ్రిజెంటో సిసిలీ దక్షిణ తీరపు పట్టణం, గ్రీకుల కాలంలో దాని పేరు అక్రగాస్. నిలిచి ఉన్నది కాంకార్డియా గుడి, క్రీ.పూ. 440–430 నాటిది. క్రీ.శ. 6వ శతాబ్దం చివర బిషప్ గ్రెగరీ దాన్ని పీటరు, పౌలుల పేర చర్చిగా మార్చాడు. సిరక్యూస్‌లో చేసినట్టే ఇక్కడా లోపలి గోడలకు కమానులు తొలిచారు, పక్కకు ఆరేసి చొప్పున. ఆ పన్నెండు కమానులూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. స్తంభాల మధ్య గోడ లేచింది కనుక అవి ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచాయి. దానికన్నా ముఖ్యం, ప్రార్థన జరిగే చోటు నుంచి ఎవరూ రాళ్ళు ఎత్తుకుపోరు, కప్పు కారితే ఎవరో ఒకరు బాగుచేస్తారు. 18వ శతాబ్దంలో ఆ పూడ్చిన గోడలను తొలగించి గుడికి పాత రూపం తెచ్చారు. కాంకార్డియా అన్న పేరు కూడా అసలుది కాదు. సమీపంలో దొరికిన ఒక లాటిన్ శాసనాన్ని బట్టి 16వ శతాబ్దపు పండితుడు తొమ్మాసో ఫజెల్లో పెట్టినది.

ఇక పడిపోయినది గ్రీకు దేవతల రాజు ఒలింపియన్ జ్యూస్ (Zeus) గుడి. సుమారు 112 మీటర్ల పొడవు, 56 మీటర్ల వెడల్పుతో తలపెట్టిన నిర్మాణం అది. అంత బరువును విడి స్తంభాల మీద నిలపడం కష్టమని గోడ కట్టి, అందులోంచే అర్ధస్తంభాలు వచ్చేలా చేశారు. వాటి నడుమ, చేతులు తలకు ఆనించి పై దూలాన్ని మోస్తున్నట్టుగా 7 మీటర్లకు పైబడిన రాతి మనుషులను నిలబెట్టారు. హిమేరా యుద్ధంలో చిక్కిన కార్తేజ్ బందీలను అక్రగాస్ వారు రాతిపనికి పెట్టుకున్నారని ప్రాచీన చరిత్రకారుడు డయొడోరస్ రాశాడు. క్రీ.పూ. 406లో అదే కార్తేజ్ సేనలు వచ్చి అక్రగాస్‌ను కొల్లగొట్టేనాటికి ఆ గుడి పూర్తి కాలేదు. ఆ తరువాత దాన్ని ఎవరూ ఆరాధనకు వాడుకోలేదు. చివరికి మిగిలిన భాగం 1401లో కూలింది, పడిన రాళ్ళను 18వ శతాబ్దంలో పోర్టో ఎంపెదోక్లె రేవు కట్టడానికి బండ్లమీద తోలుకుపోయారు.

మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు కనుక మరొక మాట. ఆ శిథిలాల్లో కొన్ని దిమ్మెల పక్క ముఖాల మీద గుర్రపు నాడా ఆకారంలో లోతైన గాడులు ఉన్నాయి. రాయిని పైకెత్తేటప్పుడు మోకు కూర్చోవడానికి తొలిచిన గాడులవి. రాయి తన స్థానంలో కూర్చున్నాక మోకును లాగేస్తారు, పక్కన మరో రాయి రాగానే గాడి కనుమరుగవుతుంది. గుడి కూలింది కాబట్టే అవి మనకు కనిపిస్తున్నాయి. సిసిలీ పడమటి భాగంలోని సెజెస్టా గుడిలో ఇంకో రకం ఉంది: మెట్ల రాళ్ళకు పిడికెడేసి బొడిపెలు అలాగే ఉన్నాయి, స్తంభాలకు గాడులు చెక్కలేదు, లోపల గది లేనే లేదు. పని మధ్యలో ఆగిపోయిన గుడి అది. మరో ప్రాచీన గ్రీకు నగరం సెలినుంటె దగ్గర కూసా రాతిగనిలోనైతే చుట్టూ ఆరంగుళాలో అడుగో కాదు, మనిషి లోపల నిలబడి పనిచేసేంత సందు తవ్వి, అడుగు మాత్రం కొండతో కలిసి ఉన్న స్తంభపు దిమ్మెలను చూడవచ్చు. క్రీ.పూ. 409లో కార్తేజ్ సేన సెలినుంటె మీద పడింది, ఆ దిమ్మెలు అలా మిగిలిపోయాయి.

ఈ గుళ్ళన్నీ ఫోటోల్లో తేనెరంగు రాయిగానే కనిపిస్తాయి. ఎప్పుడూ ఇలాగే ఉండేవా?
— ఒక పాఠకుడు, విజయనగరం

లేదు. అక్కడి రాయి గుల్లగా ఉండే సున్నపు జాతి రాయి. దాని మీద తెల్లని సన్న గచ్చు పూసి, పై భాగాలకు ఎరుపు, నీలం రంగులు వేసేవారు. మన గోపురాలకు రంగులు వేస్తే కొందరికి అది సనాతనం కాదనిపిస్తుంది గానీ, ప్రాచీన గ్రీకు భక్తుడు రంగులేని గుడిని చూస్తే పని ఇంకా పూర్తి కాలేదనుకునేవాడు.

అపొస్తలుల కార్యములలో పౌలు గారు మూడు దినాలు ఉన్న సురకూసై, మీరు రాసిన సిరక్యూస్ ఒకటేనా? అక్కడ ఆయన గుర్తులేమైనా ఉన్నాయా?
— ఒక పాఠకురాలు, నర్సాపురం

ఒకటేనండి. ఓడ పగిలి మెలితే ద్వీపంలో, అంటే ఇప్పటి మాల్టాలో, మూడు నెలలు గడిపిన పౌలు, రోముకు వెళ్ళే దారిలో సురకూసై రేవులో మూడు దినాలు ఆగినట్టు 28వ అధ్యాయంలో ఉన్నది. ఆయన అక్కడ ఏం చేశాడో గ్రంథం చెప్పదు. ప్రబోధించాడని స్థానికులు నమ్మే చోటు మాత్రం ఒకటి ఉంది: నగరం తొలి బిషప్‌గా చెప్పే మార్సియన్ పేర వెలసిన భూగర్భ ప్రార్థనాస్థలం. దాన్ని ఆనుకునే సాన్ జొవాన్ని భూగర్భ సమాధుల సముదాయం ఉంది. ప్రాచీన క్రైస్తవులు రాతిని తొలిచి, బాటలకు ఇరువైపులా బీరువా అరల్లాగా సమాధులు ఏర్పరచుకున్నారు. సంప్రదాయాన్ని, రుజువైన చరిత్రను నేను వేరుగానే చూస్తాను. అయినా ఆ చల్లని చీకటి బాటల్లో పసిబిడ్డల కోసం తొలిచిన చిన్న చిన్న అరలను చూసినప్పుడు, అక్కడి విశ్వాసులు మనకు దూరపువారని అనిపించలేదు. నగరపు ఇష్టదైవం వంటి పునీత లూసీ కూడా ఇక్కడి బిడ్డే. క్రీ.శ. 304లో ఆమెను చంపారని చెబుతారు. ఏటా డిసెంబరు 13న ఆమె వెండి ప్రతిమను భుజాల మీద మోసుకుంటూ ఊరేగిస్తారు.

సిసిలీలో క్రైస్తవానికి ముందు స్త్రీ దేవతల ఆరాధన బలంగా ఉండేదని విన్నాను. వారెవరు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

ముఖ్యంగా తల్లీకూతుళ్ళిద్దరు: పైరుపంటల తల్లి డెమీటర్, ఆమె బిడ్డ పెర్సెఫొనె. ద్వీపం నడుమ ఎన్నా పట్టణం దగ్గర పెర్గూసా చెరువు గట్టున పూలు కోసుకుంటున్న పెర్సెఫొనెను పాతాళాధిపతి ఎత్తుకుపోయాడనీ, తల్లి దివిటీలు పట్టుకుని లోకమంతా వెతికిందనీ, ఆమె దుఃఖానికి నేల పండకుండా పోయిందనీ, చివరికి బిడ్డ ఏడాదిలో కొంతకాలం కిందా కొంతకాలం పైనా ఉండేలా ఒప్పందం కుదిరిందనీ కథ. గోధుమలు పండే నేలలో ఈ కథ నాటుకుపోవడంలో వింత లేదు. విత్తు మట్టిలోకి వెళ్ళి మళ్ళీ మొలకగా పైకి వస్తుంది కదా. గెలోన్ వంశీకులకు ఈ దేవతల పౌరోహిత్యం వంశపారంపర్యంగా ఉండేదని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ రాశాడు. సెలినుంటెలో డెమీటర్ గుడి ఆవరణలో, మొక్కు తీర్చుకున్నవారు సమర్పించిన మట్టి బొమ్మలు వేలకొద్దీ బయటపడ్డాయి. గొప్ప గుళ్ళు రాజుల కోరికను చెబుతాయి. అరచేతిలో పట్టే ఆ మట్టి బొమ్మలు పేరు తెలియని ఇల్లాళ్ళ కోరికలను చెబుతాయి. నా దృష్టిలో ఇవే విలువైన సాక్ష్యాలు.

సిసిలీ నడుమనున్న ప్రాచీన నగర శిథిలాలు మొర్గాంటీనా నుంచి దొంగచాటుగా తరలిపోయిన ఒక దేవతా విగ్రహం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండు మీటర్లకు పైబడిన ఎత్తు. దేహం సున్నపురాయి, ముఖమూ చేతులూ పాలరాయి. అమెరికాలోని గెట్టీ మ్యూజియం 1988లో కొన్న ఈ విగ్రహం 2011లో ఇటలీకి తిరిగి వచ్చి, మొర్గాంటీనా పక్కనే ఉన్న ఐదోనె అనే చిన్న ఊరి మ్యూజియంలో నిలిచింది. మొదట ప్రేమదేవత అఫ్రొడైటె అన్నారు, ఇప్పుడు పలువురు పండితులు డెమీటర్ లేదా పెర్సెఫొనె కావచ్చునంటున్నారు. అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయని తెలిసిన మనకు ఈ తిరుగు ప్రయాణం విలువ వేరే చెప్పనక్కరలేదు.

అరబ్బులు రెండు వందల ఏళ్ళకు పైగా పాలించారు కదా, ఒక్క పెద్ద మసీదైనా మిగల్లేదా? ఆ తరువాత నార్మన్ల కాలంలో అన్ని మతాలూ కలిసిమెలిసి ఉండేవన్న మాట నిజమేనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

మసీదుగా నిలిచిన పెద్ద కట్టడం లేదు, మాస్టారూ. 973లో సిసిలీ రాజధాని పలెర్మో చూసిన యాత్రికుడు ఇబ్న్ హౌకల్ అక్కడ మూడు వందలకు పైగా మసీదులున్నాయని రాశాడు. అవి పోయాయి, పనితనం మాత్రం వారిని ఓడించిన నార్మన్ రాజుల చర్చిల్లోకి వచ్చి కూర్చుంది. పలెర్మో ప్రధాన చర్చి దక్షిణ మండపంలో ఒక స్తంభం మీద ఖురాన్ వాక్యం చెక్కి ఉంది. రేయింబవళ్ళను, సూర్యచంద్రులను తన ఆజ్ఞకు లోబరచుకున్న ప్రభువును గూర్చిన వాక్యమది. పాత కట్టడం నుంచి తెచ్చిన స్తంభాన్ని అక్షరాలతో సహా నిలబెట్టారు.

నార్మన్ పాలకుడు రెండో రోజర్ 1130 క్రిస్మస్ నాడు రాజుగా పట్టాభిషిక్తుడయ్యాడు. ఆయన తన కోటలో కట్టించిన ప్రార్థనా మందిరం 1140లో ప్రతిష్ఠ జరుపుకుంది. లోపలి అమరిక లాటిన్ చర్చిది. గుమ్మటంలో, గోడల మీద బంగారు నేపథ్యంలో మెరిసే మొజాయిక్ చిత్రాలు, అంటే రంగురంగుల చిన్న పలుకులు పొదిగి చేసిన బొమ్మలు, గ్రీకు రాతలు తూర్పు రోమన్ సామ్రాజ్యమైన బైజాంటియం పద్ధతివి. తలెత్తి చూస్తే తేనెపట్టు గదుల్లా కిందికి వేలాడే కొయ్య కప్పు మాత్రం పూర్తిగా ఇస్లామీయ శిల్పుల పని. ఆ కప్పు మీద అరబ్బీ లిపిలో రాజుకు శుభాకాంక్షలు రాశారు. వాద్యకారులు, నర్తకులు, చదరంగం ఆడేవారు అక్కడ బొమ్మలుగా ఉన్నారు. చర్చి కప్పు మీద చదరంగం ఆట! 1142లో ఆ రాజే చేయించిన నీటి గడియారానికి లాటిన్, గ్రీకు, అరబ్బీ మూడు భాషల్లో శాసనం వేయించాడు. గుమ్మటాల విషయంలో ఒక చిన్న హెచ్చరిక: పలెర్మోలోని సాన్ కతాల్దో, సాన్ జొవాన్ని చర్చిల గుమ్మటాల మీది ఎర్రరంగును చాలామంది అరబ్బు వారసత్వం అనుకుంటారు, అది 19వ శతాబ్దపు మరమ్మతుల్లో వేసినది.

మీ రెండో ప్రశ్నకు ఒక సమాధి రాయి దగ్గర మొదలుపెడతాను. పలెర్మోలోని జీజా మహలులో ఉన్న ఆ పలక, రాజుగారి కొలువులో పురోహితుడైన గ్రిసాంటస్ అనే క్రైస్తవుడు తన తల్లి అన్నా స్మృతికి 1149లో వేయించినది. నడుమ శిలువ, దాని చుట్టూ నాలుగు రాతలు: లాటిన్, గ్రీకు, అరబ్బీ, నాలుగోది హీబ్రూ అక్షరాల్లో రాసిన అరబ్బీ. ఒక్క తల్లి మరణించిన తేదీని నాలుగు సమాజాలవారూ చదువుకునేలా ఎవరి శకం ప్రకారం వారికి లెక్కగట్టి చెక్కించాడు ఆ కొడుకు. ఇంతకన్నా గొప్ప సాక్ష్యం నాకు తెలియదు.

అయినా కలిసిమెలిసి ఉన్నారన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. 1160ల మొదట్లోనే పలెర్మోలో తిరుగుబాటు జరిగినప్పుడు ముస్లింలను ఊచకోత కోశారు. 1184–85 చలికాలంలో వచ్చిన యాత్రికుడు ఇబ్న్ జుబైర్, రెండో విలియం రాజు అరబ్బీ చదవగలడని, పండుగనాడు పలెర్మోలోని క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీల వలెనే ముస్తాబయ్యారని మెచ్చుకుంటూనే, తన మతస్థులు లోలోపల ఎంత భయంతో బతుకుతున్నారో కూడా రాశాడు. 13వ శతాబ్దం తొలి సగంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి మిగిలిన ముస్లింలను ఇటలీ ప్రధాన భూభాగంలోని లుచెరాకు తరలించాడు. అప్పటికి సిసిలీని ఏలుతున్న స్పెయిన్ పాలకుల 1492 ఆజ్ఞతో యూదులు కూడా వెళ్ళిపోవలసి వచ్చింది. సిరక్యూస్ యూదుల వీధిలో ఒక ఇంటి అడుగున రాతిలో తొలిచిన వారి పవిత్ర స్నానపు కొలనులు మాత్రం అలాగే ఉన్నాయి. అంటే రాజుకు అన్ని పనితనాలూ కావలసి వచ్చినంత కాలం అందరికీ చోటు దొరికింది, ఆ అవసరం తీరాక దొరకలేదు. అయినా ఆ సమాధి రాయి చెక్కించినవాడు రాజు కాడు, ఒక కొడుకు. అందుకే దాన్ని ఆ లెక్కలో కలపడానికి నాకు మనసొప్పదు.

వచ్చే ఏడాది మా దంపతులం ఇటలీ వస్తున్నాం, సిసిలీకి నాలుగు రోజులే కేటాయించగలం. ఏం చూడమంటారు?
— ఒక పాఠకుడు, డల్లాస్

వేసవిలో మాత్రం రాకండి. 2021 ఆగస్టు 11న సిరక్యూస్ సమీపంలో 48.8 డిగ్రీలు నమోదైంది, అది యూరప్ ఖండానికే రికార్డు. రెంటచింతల ఎండ ఎరిగినవారికి కూడా నీడలేని గుళ్ళ మధ్య నడవడం కష్టమే. ఏప్రిల్ గాని అక్టోబరు గాని మంచిది. రెండు రోజులు పలెర్మోకు, దానికి దగ్గరలోనే కొండవాలున ఉన్న మోన్రియాలె చర్చికి ఇవ్వండి. అక్కడ ఆరు వేల చదరపు మీటర్లకు పైగా మొజాయిక్ పని ఉంది, పక్క మండపంలో జంటలుగా నిలిచిన 228 స్తంభాల్లో ఒకదాని తల మీది శిల్పం మరోదాని మీద లేదు. ఒక రోజు అగ్రిజెంటోకు, ఒకటి సిరక్యూస్‌కు. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలతో వెళ్ళాలి. సిరక్యూస్‌లో మినర్వా సందుకు ఉదయాన్నే వెళ్ళండి, ఇంకా జనం రాకముందు.